అండకోశం

అండకోశం పుష్పంలోని స్త్రీ ప్రత్యుత్పత్తి భాగం. ఇది పుష్పాసనం మీద అన్నిటికంటే లోపలి వలయంగా ఉంటుంది. దీనిలోని ఒక్కొక్క విభాగాన్ని ఫలదళం అంటారు.

భాగాలు

అండాశయం: అడుగున ఉబ్బెత్తుగా ఉండే భాగం. దీనిలో అండాలు ఉంటాయి.
కీలం: అండాశయాన్ని, కీలాగ్రాన్ని కలిపే సన్నని భాగం. మొక్కజొన్న కండె నుండి వ్రేలాడే పీచులోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. పరాగం అందని పోగుకు గింజ కట్టదు.
కీలాగ్రం: పరాగరేణువులను గ్రహించే కొన. సుగంధద్రవ్యమైన కుంకుమపువ్వు ఎండబెట్టిన కీలాగ్రాలే.

జంతుశాస్త్రంలో అండమనగా స్త్రీబీజకణం. వృక్షశాస్త్రంలో మాత్రం స్త్రీబీజకణాన్ని తనలో ఉంచుకొని, తరువాత విత్తనంగా మారే నిర్మాణాన్ని అండం అంటారు.

రకాలు

బఠానీలో ఒకే ఫలదళం ఉంటుంది. సీతాఫలంలో అనేక ఫలదళాలు విడివిడిగా ఉంటాయి. ఇది అసంయుక్త అండకోశం. వీటిలో కొన్ని ఫలదీకరణ చెందకపోతే ఆ భాగం ఎదగక కాయ వంకరగా తయారవుతుంది. మందారంలో ఐదు ఫలదళాలు కలిసిపోయి ఉంటాయి. ఇది సంయుక్త అండకోశం.

వంగ, మిరప పువ్వులలో అండాశయం ఇతర వలయాలకు పైన ఉంటుంది. దీనిని ఊర్ధ్వ అండాశయం అంటారు. జామ, సొర, గుమ్మడి పువ్వులలో క్రింద ఉంటుంది. ఇది నిమ్న అండాశయం. అందువలననే సొర ఆడపువ్వు విచ్చుకొనక ముందే దాని క్రింద చిన్న పిందె కనబడుతుంది. పరాగసంపర్కం జరగకపోతే ఆ పిందె సాధారణంగా పండుబారి రాలిపోతుంది. తేనెటీగలు తగ్గినచోట పాదు నిండా పూసినా కాపు తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అండన్యాసం

అండాశయంలో అండాలు అమరి ఉండే పద్ధతిని అండన్యాసం అంటారు. బఠానీలో ఉపాంత, టమాటాలో స్తంభ, ఆవ మొక్కలో కుడ్య, పొద్దుతిరుగుడులో పీఠ అండన్యాసం ఉంటుంది. మొక్కల కుటుంబాలను గుర్తించడానికి ఈ లక్షణం ఉపయోగపడుతుంది.

ఫలదీకరణ తరువాత

పరాగనాళం కీలం గుండా అండాన్ని చేరి రెండు పురుషబీజాలను విడుదల చేస్తుంది. ఒకటి స్త్రీబీజకణంతో కలిసి పిండాన్ని, రెండవది కేంద్రక కణంతో కలిసి అంకురచ్ఛదాన్ని ఏర్పరుస్తాయి. ఈ ద్విఫలదీకరణను 1898లో రష్యా శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ కనుగొన్నాడు. అనంతరం అండాలు విత్తనాలుగా, అండాశయం ఫలంగా మారుతాయి. జీడిమామిడిలో పండుగా తినే భాగం ఉబ్బిన పుష్పవృంతం. దాని కొనన ఉండే జీడిగింజయే అండాశయం నుండి ఏర్పడిన నిజమైన ఫలం.