పాఠం 7: వరుసను నిర్ణయించేది ఎవరు? – సమాచార క్రమీకరణ చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సమాచారాన్ని వరుసలో పెట్టే పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
• డేటాబేస్‌లో వరుసకు, నిల్వకు గల సంబంధాన్ని కాడ్ ఎందుకు తెంచాడో చెప్పగలుగుతారు.
• అకారాది కాని వరుసను కంప్యూటర్‌కు సమర్థంగా ఎలా తెలపాలో ఉదాహరణతో చూపగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

మీ చేతికి ఒక శాసనాల పట్టిక వచ్చిందనుకోండి. అందులో ఊరు, దాత పేరు, శక సంవత్సరం, మాసం ఉన్నాయి. ఒకే సంవత్సరంలోని శాసనాలను మాసాల వరుసలో చూపమని కంప్యూటర్‌ను అడిగారు. అది ఇచ్చిన వరుస ఇది: ఆశ్వయుజం, ఆషాఢం, కార్తికం, చైత్రం, జ్యేష్ఠం, పుష్యం, ఫాల్గుణం, భాద్రపదం, మాఘం, మార్గశిరం, వైశాఖం, శ్రావణం.

అక్షరక్రమంలో ఇందులో తప్పేమీ లేదు. కాని సంవత్సరాదిన రావలసిన చైత్రం నాలుగో స్థానంలో ఉంది. వైశాఖం మార్గశిరం తరవాతికి పోయింది. మార్గశిరంలో ఒక యుద్ధ విజయం, వైశాఖంలో ఒక భూదానం నమోదై ఉంటే, ఈ పట్టిక చూసినవారు విజయానికి గుర్తుగానే దానం జరిగిందని రాసే ప్రమాదం ఉంది. నిజానికి దానం ఏడు నెలల ముందే జరిగింది. వరుస తప్పితే కార్యకారణ సంబంధం కూడా తప్పుతుంది. చరిత్ర విద్యార్థి ఈ విషయాన్ని పట్టించుకోవలసింది అందుకే.

7.2 వర్గాల నుంచి అకారాదికి

అకారాది క్రమం మనకు అలవాటైపోయింది గాని, అది సహజసిద్ధమైనదేమీ కాదు. అమరకోశం పదాలను అర్థాన్ని బట్టి వర్గాలుగా కూర్చింది. కంఠస్థం చేసేవారికి ఆ వరుస అనుకూలం. తెలియని పదాన్ని పుస్తకంలో వెతికేవారికి మాత్రం అకారాదే అనుకూలం. 1821లో కాంప్‌బెల్ నిఘంటువు, 1852లో బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వెలువడ్డాయి. అచ్చు పుస్తకంలో వెతుకులాట పెరిగిన కొద్దీ అకారాది స్థిరపడింది. వరుసను నిర్ణయించేది పదాల స్వభావం కాదు, వాడేవారి అవసరం అని దీన్నిబట్టి గ్రహించాలి.

7.3 కార్డులు, గళ్లు

అమెరికా 1880 జనాభా లెక్కల క్రోడీకరణకు ఆ దశాబ్దంలో అధిక భాగం పట్టింది. 1890 లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులను, విద్యుత్ యంత్రాలను వాడాడు. యంత్రం కార్డును చదివినప్పుడు పక్కనున్న పెట్టెలో తగిన గడి మూత తెరుచుకునేది. గుమాస్తా కార్డును అందులో వేసేవాడు.

తరవాత వచ్చిన క్రమీకరణ యంత్రాలు ఒక్కోసారి ఒక్కో అంకె స్థానాన్ని చూసి కార్డులను విడదీసేవి. పెద్ద సంఖ్యలను వరుసలో పెట్టడానికి ముందు ఏకాల స్థానం, తరవాత దశకాల స్థానం, ఆపైన వందల స్థానం తీసుకునేవారు. ఒక్కో విడతలో ముందటి విడత వరుస చెదరకుండా నిలుస్తుంది కాబట్టి చివరికి మొత్తం వరుస కుదిరేది. ఇక్కడ ఏ రెండు కార్డులనూ ఒకదానితో ఒకటి పోల్చడం లేదని గమనించండి. ఈ సంగతి 7.6లో మనకు పనికొస్తుంది.

7.4 కంప్యూటర్ల తొలి దశ

1945లో జాన్ వాన్ నోయ్‌మన్ ఎడ్వాక్ యంత్రం కోసం విలీన పద్ధతిలో వరుస కూర్చే ప్రోగ్రాము రాశాడు. వరుసలో ఉన్న రెండు చిన్న జాబితాలను కలిపి ఒక పెద్ద జాబితాగా చేయడం దీని మూలసూత్రం. ఆ తరవాత మాస్కోలో విద్యార్థిగా ఉన్న టోనీ హోర్ రష్యన్ వాక్యాల యంత్రానువాదంపై పనిచేస్తున్నాడు. నిఘంటువు అయస్కాంత టేపు మీద అక్షరక్రమంలో ఉండేది. వాక్యంలోని పదాలను కూడా అదే క్రమంలో పెడితే టేపును ఒక్కసారి తిప్పితే చాలు. ఆ అవసరం నుంచి పుట్టిన క్విక్‌సార్ట్ 1961లో ప్రచురితమైంది.

పోలికలపై ఆధారపడే మంచి పద్ధతికైనా 10 లక్షల వరుసలకు సుమారు 2 కోట్ల పోలికలు కావాలి.

7.5 కాడ్ తెచ్చిన మార్పు

1970 నాటికి చాలా ప్రోగ్రాములు సమాచారం నిల్వ ఉన్న వరుసనే నమ్ముకుని నడిచేవి. నిల్వలో వరుస మారితే ప్రోగ్రాము చెడిపోయేది. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ఆ ఏడాది ప్రచురించిన వ్యాసంలో తొలగించవలసిన లోపాల్లో ఒకటిగా ఈ ‘వరుసపై ఆధారపడటాన్ని’ పేర్కొన్నాడు. ఆయన దృష్టిలో పట్టిక ఒక సమితి. సమితికి ముందు వెనుకలు ఉండవు.

1974లో చాంబర్లిన్, బాయిస్ ప్రతిపాదించిన సీక్వెల్ భాషే ఎస్‌క్యూఎల్‌గా ఎదిగింది. దానిలో వరుస కావాలంటే ‘ఆర్డర్ బై’ అని అడగాలి. అడగకపోతే ఏ వరుసకూ హామీ లేదు. అంటే వరుస బాధ్యత నిల్వ చేసేవారి నుంచి అడిగేవారికి మారింది. అదే కాలంలో బేయర్, మెక్‌క్రైట్ రూపొందించిన బి–ట్రీ వల్ల ఇండెక్స్‌ను ఎప్పటికప్పుడు వరుసలో ఉంచడం సాధ్యమైంది.

7.6 మన వరుసను యంత్రానికి తెలపడం

యంత్రానికి అక్షరం అంటే ఒక సంఖ్య. యూనికోడ్‌లో భారతీయ లిపుల అమరిక 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించింది. అందులో ఱ అక్షరం ర పక్కన, ళ అక్షరం ల పక్కన ఉన్నాయి. మనం బడిలో నేర్చుకున్నది హ తరవాత ళ, క్ష, ఱ. కేవలం సంకేత సంఖ్యలను పోలిస్తే అకారాది కూడా మన అకారాది కాకపోవచ్చు. అందుకే భాషను బట్టి వరుసను సవరించుకునే వీలు కల్పించే ప్రత్యేక ప్రమాణాన్ని యూనికోడ్ రూపొందించింది.

మాసాల విషయంలో అది కూడా చాలదు. పేరులో లేని వరుసను మనమే ఇవ్వాలి. 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోని ‘కేస్’ అనే నిర్మాణంతో ‘చైత్రమైతే 1, వైశాఖమైతే 2’ అని ప్రశ్నలోనే రాయవచ్చు. కాని ప్రతి ప్రశ్నలోనూ అది మళ్లీ రాయాలి. ప్రతి వరుసకూ యంత్రం దాన్ని మళ్లీ లెక్కించాలి. ఇంతకంటె మేలైన మార్గం కింది విధంగా ఉంటుంది:

1. మాసాలకు వరుస సంఖ్యలిచ్చే చిన్న పట్టిక తయారుచేయండి. 1, 2, 3 అని కాక 10, 20, 30 అని ఇవ్వండి. శ్రావణం 50 అయితే, దానికి ముందు వచ్చే అధిక శ్రావణానికి 45 ఇవ్వవచ్చు. కార్తికం, కార్తీకం అనే రెండు రూపాలకూ 80 ఇవ్వవచ్చు.
2. ఆ సంఖ్యను శాసనాల పట్టికలోనే ఒక నిలువు వరుసగా చేర్చండి.
3. శక సంవత్సరం, మాస సంఖ్య రెండింటి మీద కలిపి ఇండెక్స్ కట్టండి. అప్పుడు అడిగిన ప్రతిసారీ కొత్తగా వరుస కూర్చే పని తప్పుతుంది.

ఇండెక్స్ లేకపోయినా, ఉన్న మాసాలు కొద్దే కాబట్టి హోలరిత్ పెట్టెలా మాసానికో గడి పెట్టి శాసనాలను పంచితే చాలు, పోలికలు అక్కర్లేదు. ఈ పద్ధతికి 1954లో ఎంఐటీలో హెరాల్డ్ సీవర్డ్ కంప్యూటర్ రూపం ఇచ్చాడు. మీ పట్టికలో కొన్ని వందల శాసనాలే ఉంటే వేగం గురించి చింత అక్కర్లేదు, వరుస సరిగా ఉంటే చాలు.

ఒక హెచ్చరిక. రాయి పగిలి మాసం పేరు పోయిన శాసనాలు ఉంటాయి. ఖాళీగా ఉన్న విలువలను కొన్ని డేటాబేస్‌లు మొదట, కొన్ని చివర చూపుతాయి. వాటిని ఎక్కడ ఉంచారో మీరే నిర్ణయించి, పట్టిక కింద రాయాలి. లేకుంటే మాసం తెలియని శాసనం సంవత్సరాదిన వేసినదిగా కనిపిస్తుంది.

7.7 సారాంశం

నిఘంటుకారులు వెతికేవారి సౌకర్యం కోసం వరుసను మార్చారు. హోలరిత్ దాన్ని యంత్రానికి అప్పగించాడు. కాడ్ దాన్ని నిల్వ నుంచి వేరుచేసి అడిగేవారి చేతికి ఇచ్చాడు. కాబట్టి తెర మీద కనిపించే ఏ వరుస వెనుకైనా ఎవరో ఒకరి నిర్ణయం ఉంటుంది. పట్టిక మీదైనప్పుడు ఆ నిర్ణయం మీరే తీసుకోండి. పట్టిక ఇతరులదైనప్పుడు వరుస ఎలా కూర్చారో అడిగి తెలుసుకున్నాకే దాని నుంచి నిర్ధారణలు చేయండి.

7.8 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కార్డులను ఏకాల స్థానం నుంచి మొదలుపెట్టి విడదీయడానికి కారణమేమిటి?
2. ‘పట్టికకు సహజమైన వరుస లేదు’ అన్న కాడ్ భావనను మీ మాటల్లో వివరించండి.
3. ప్రభవ మొదలు అక్షయ వరకు గల 60 సంవత్సరాల పేర్లకు 1 నుంచి 60 వరకు సంఖ్యలిచ్చారనుకోండి. వేర్వేరు శతాబ్దాల శాసనాలను కాలక్రమంలో పెట్టడానికి ఆ సంఖ్య ఒక్కటే ఎందుకు చాలదు?