గ్రామకంఠపు గీత – వృద్ధుల నీడ

ఊరిలో వృద్ధునకు నీడ యెట్లు లభించును? కొడుకుల మనస్సును బట్టి యని మనము చెప్పుకొనుచుందుము. అది సత్యమే కాని సంపూర్ణ సత్యము కాదు. ఒకానొకప్పుడు గ్రామపటముపై గీచిన గీత యొకటి యందులకు కొంత కారణమని యీ ప్రసంగమున మనవి చేసికొందును. ఆ గీతయే గ్రామకంఠపు హద్దు.

1802లో ఇంగ్లీషు కంపెనీవారు శాశ్వత పైసలా చేసి జమీందారులకు సనదు లిచ్చిరి. 1820లో మద్రాసు గవర్నరైన మన్రో దొర రయితువారీ పద్ధతిని వ్యాపింపజేసెను. 1858 తరువాత సర్వే శాఖవారు గొలుసులు లాగి గ్రామములకు పటములు వ్రాసిరి. వారి దృష్టి శిస్తుమీదనే యుండెను. మాగాణి యెంత, మెట్ట యెంత, శిస్తునకు బాధ్యు డెవ్వడు – ఇవియే వారికి కావలసినవి. కావున శిస్తు చెల్లించు ప్రతి చేనికి నొక నంబరును, ఒక పట్టాదారు పేరును ఏర్పడెను. ఇండ్లున్న చోట శిస్తు లేదు గనుక అచ్చట ఎవరి పేరును వ్రాయవలసిన పని లేకపోయెను. ఊరిని ఒక్క నంబరుగా చుట్టి, గ్రామకంఠ మని వ్రాసి విడిచిరి. పన్ను లేని చోట పేరును లేదు!

అట్లని యింటి స్వామ్యమును ప్రభుత్వ మపహరింపలేదు. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ శాసనము, ఇతరులకు చెందని భూము లన్నియు సర్కారువే యని ప్రకటించుచునే, దేవాలయ స్థలములను, ఒకరికి సొంతమైన యింటి స్థలములను, పెరడులను మినహాయించినది. హక్కు కలదు; పత్రము లేదు. వృద్ధుని కష్ట మిచ్చటనే మొదలైనది.

కుటుంబములు పెరిగినవి. గీత మాత్రము కదలలేదు. అన్నదమ్ములు పంచుకొనగా మండువా యిల్లు రెండు ముక్కలై, నాలుగు ముక్కలయ్యెను. ప్రతి పంపకమునందును గదులు కొడుకులకు, వసారా తండ్రికి. పోనీ, ఊరి వెలుపల సొంత చేనిలో రెండు గదులు వేసికొనవచ్చును గదా యందురేమో. వ్యవసాయ భూమిని వేఱు పనికి వినియోగించుటకు ముందుగా ననుమతి పొంది, భూమి విలువను బట్టి రుసుము చెల్లింపవలెనని 2006వ సంవత్సరపు చట్టము విధించియుండెను. నిబంధనము చెడ్డది కాదు. పంటభూమిని కాపాడుటకు కట్ట యవసరమే. కాని కష్టము ముసలివానిది. పేరున్న చేనిలో ఇల్లు కట్టుట కడ్డంకి యుండెను; ఇల్లున్న కంఠములో పేరు లేకపోయెను.

నేను బడిపంతులుగా నుండిన కాలమున గ్రామస్థులు నాచేత అర్జీలు వ్రాయించుకొనెడివారు. ఒక వృద్ధ వితంతువు గోడలు బాగుచేయించుకొనుటకై అప్పు కోరి, హక్కు పత్రము తెమ్మని త్రిప్పి పంపగా నాకడకు వచ్చెను. "పంతులుగారూ, మా మామగారు ఈ యింట్లోనే పుట్టారు, ఈ యింట్లోనే పోయారు. ఇంతకంటే కాగితం ఏం కావాలండీ?" అని యడిగెను. అర్జీ వ్రాసితిని గాని ఆ ప్రశ్నకు సమాధానము నాకు తోచలేదు. అప్పు పుట్టలేదు. ఆ వానలకు గోడ కూలెను. ఆమె తుది దినములు పొరుగువారి పంచలో గడచినవి.

2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ యను పథకము నారంభించినది. ఎగురు డ్రోనులచే ఊరి పటము తీసి, ఇంటింటికి హద్దు నిర్ణయించి, ఇంటివాని పేర పత్ర మిచ్చుట దాని యుద్దేశము. ఆ యేడే డిసెంబరు 21న ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే ప్రారంభమైనది. నూరేండ్లకు పైగా పేరు లేని యింటికి పేరు వ్రాయు కాలము వచ్చినదన్నమాట.

అయితే ఆ పేరు ఎవరిది? ఇదియే నేను మీకు చెప్పవచ్చిన మాట. పత్రము లేని యిల్లు తాకట్టునకు పనికిరాదు. పత్రమున్న యిల్లు సులభముగ చేతులు మారును. కొలతకు వచ్చిననాడు ఇంట నుండి, మీ పేరును, గృహిణి పేరును వ్రాయించుకొనుడు. బిడ్డలకు వ్రాసి యీయదలచిన, తమ్ము పోషింపవలెనను షరతును దస్తావేజులో స్పష్టముగ చేర్పించుడు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టములోని 23వ విభాగము ననుసరించి, అట్టి షరతును పాటింపనియెడల ఆ దస్తావేజును రద్దుపఱుపుమని అరువదేండ్లు నిండినవారు ట్రిబ్యునలును కోరవచ్చును.

ఇది బిడ్డలను శంకించుట కాదు. ఆ వృద్ధురా లడిగిన కాగితము మీ పెట్టెలో నుండవలెనని మాత్రమే నా కోరిక.