తెల్లన్నం, గోదావరి డెల్టా, షుగర్: ఒక సవరణ ఎపిసోడ్

ఈరోజు ఎపిసోడ్ ఒక సవరణతో మొదలుపెడుతున్నాను.

కిందటేడాది నేను బియ్యం రకాల మీద ఒక వీడియో చేశాను. థంబ్‌నెయిల్ మీద పెద్ద అక్షరాలతో ‘షుగర్ రాని బియ్యం’ అని పెట్టాను. వ్యూస్ బాగానే వచ్చాయి. సంక్రాంతికి రావులపాలెం దగ్గర మా ఊరెళ్తే, పెదనాన్న కొత్త బియ్యం బస్తా చూపించారు. "నీ వీడియో చూసే కొన్నానురా. ఇప్పుడు భయం లేకుండా ఇంకో రెండు గరిటెలు పెట్టించుకుంటున్నాను" అన్నారు. ఆయనకి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మర్నాడు పరగడుపున చూస్తే 214. బీటెక్ చదివి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి. కోడ్‌లో తప్పు చేస్తే టెస్టింగ్‌లో దొరికేది. వీడియోలో చేసిన తప్పు పెదనాన్న కంచంలో దొరికింది.

ఆ వీడియో తీసేశాను. ఈసారి బియ్యం పేర్లు పక్కనపెట్టి, మన కంచం ఎలా ఇలా తయారైందో చూద్దాం.

"మా తాతలు మూడు పూటలా అన్నమే తిన్నారు, వాళ్లకి లేని షుగర్ మాకెందుకొచ్చింది?" అని మన వైపు అందరూ అడుగుతారు. కానీ ఇంకొంచెం వెనక్కి వెళ్తే కథ మారుతుంది. 1833 కరువు, ఆ ముందూ వెనకా వచ్చిన తుఫానులు, వరదలు రాజమండ్రి జిల్లాని దెబ్బతీశాయి. లెక్కల ప్రకారం 1821లో 7 లక్షలు దాటిన జనాభా 1841కి 5.6 లక్షలకి పడిపోయింది. గోదావరి పక్కనే పారుతున్నా నీళ్లు పొలాల్లోకి ఎక్కేవి కాదు. వరి ఉండేది గానీ, చాలా ఇళ్లలో, ముఖ్యంగా మెట్టలో, కడుపు నింపింది జొన్న, చోడి, గంటి.

తర్వాత ఆర్థర్ కాటన్ వచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు తవ్వారు, సార్వా పండింది, కాలక్రమంలో దాళ్వా కూడా వచ్చింది. ఆకలి తీర్చిన ఆ మనిషికి మనవాళ్లు ఊరూరా విగ్రహాలు పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. అంటే రోజూ వరి అన్నమే తినడం డెల్టాలో సామాన్యుడికి అందింది ఈ నూట డెబ్బై ఏళ్లలోనే.

ఆ తర్వాత వచ్చింది మిల్లు. అంతకుముందు ఆడవాళ్లు రోకళ్లతో దంచేవారు. దంపుడు బియ్యానికి తవుడు కొంత అంటుకునే ఉండేది. మిల్లు వాళ్ల రెక్కల కష్టం తీసింది, బియ్యాన్ని తెల్లగా చేసింది. తవుడు గేదెలకి పోయింది, తెల్లన్నం మనకి మిగిలింది.

దానికి మన కోస్తా అప్పుడే ఒకసారి మూల్యం కట్టింది. ఆ జబ్బు పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనపడేది. తవుడుతో పాటు పోయే బీ1 విటమిన్ లేకపోవడమే కారణం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లోనే, అంటే మన కోస్తాలోనే. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అంతగా లేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది మరి. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాద్ వచ్చింది. ఈరోజు మనం తార్నాకలో చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. తెల్లబియ్యం జబ్బుతో పుట్టిన సంస్థ అన్నమాట.

ఇప్పుడు రెండో మూల్యం. 2005లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ వాళ్లు ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో సర్వే చేశారు. 20 గ్రామాలు, 30 ఏళ్లు దాటిన సుమారు నాలుగున్నర వేల మంది. వాళ్లలో సుమారు 13 శాతం మందికి షుగర్ ఉంది. అందులో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలీదు. ఇది సిటీ జబ్బు అనుకునే రోజుల్లో, మన పల్లెల లెక్క అండీ.

అన్నం ఒక్కటే కారణమా? కాదు. మా తాతయ్య బురదలో దిగి ఊడ్చేవారు, కోసేవారు, మోసేవారు. ఇప్పుడు ట్రాక్టర్, కోత మిషన్ వచ్చాయి. గట్టు మీదకి కూడా బండి మీదే వెళ్తున్నాం. వంశం, వయసు, పొట్ట చుట్టూ కొవ్వు కూడా లెక్కలోకొస్తాయి. పని తగ్గింది, గరిటెలు మాత్రం తగ్గలేదు. 2020లో 21 దేశాల డేటాతో వచ్చిన అధ్యయనంలో, రోజుకి 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవాళ్లలో షుగర్ వచ్చే రిస్క్ ఎక్కువగా కనిపించింది. ఆ సంబంధం అన్నిటికంటే బలంగా ఉన్నది మన దక్షిణాసియాలోనే.

ఇక నా తప్పు ఎక్కడుందో చెప్తాను. పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మీకందరికీ తెలుసు. 235 రకాల బియ్యాన్ని పరీక్షిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్ 48 నుంచి 92 దాకా వచ్చింది. స్వర్ణ తక్కువ వైపే ఉంది. మంచి విషయమే. కానీ ఆ ఇండెక్స్ చెప్పేది వేగం. ఒకే మోతాదు పిండిపదార్థం ఎంత త్వరగా రక్తంలో చక్కెరగా మారుతుందో చెబుతుంది. మీరు ఎన్ని గరిటెలు పెట్టించుకున్నారో దానికి తెలీదు. మెల్లగా ఎక్కే అన్నమైనా రెట్టింపు తింటే రెట్టింపు అన్నమే.

ఇప్పుడు పెదనాన్న ఇంట్లో ఏం మారిందో చెప్తా. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డోసు ఆయనే మార్చారు. మధ్యాహ్నం కొలిచి ఒక కప్పు అన్నం, దాని చుట్టూ తోటకూర పప్పు, బీరకాయో దొండకాయో వేపుడు కాకుండా కూరగా, చేప ఉంటే పులుసు. పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, ఉప్మా లేకుండా. రాత్రి తిన్నాక కాలవ గట్టు మీద అరగంట నడక, దొడ్డమ్మతో కలిసి. పూతరేకులు మానలేదు, పండక్కి ఒకటి. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 9.2 నుంచి 7.8కి వచ్చింది. ఇందులో మందుల వాటా ఎంతో, నడక వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. చెప్పేవాళ్లని నమ్మకండి.

నూట డెబ్బై ఏళ్లలో మన కంచం చోడి నుంచి వరికి, దంపుడు నుంచి తెల్లటికి మారింది. అంత మారిన కంచం ఇంకో రెండు గరిటెలు తగ్గలేదా? దయచేసి 30 దాటినవాళ్లు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. నా వీడియో చూసి మాత్రం ఎవరూ మాత్ర ఆపొద్దు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.