జోహరాపురం ఆఖరి పోరు

నంద్యాల, ఆళ్ళగడ్డల్లోని మన పిల్లలకు పానిపట్టు యుద్ధాల తేదీలు కంఠోపాఠం. జోహరాపురం సంగతేమిటని అడిగితే మాత్రం ముఖముఖాలు చూసుకుంటారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పని ఉపాధ్యాయులమైన మాది.

ఒకప్పుడు నంద్యాల, సిరివెళ్ళ ప్రాంతాలు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేవి. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్. ఆయన కోటలో రహస్యంగా ఫిరంగులు, మందుగుండు పోగుచేస్తున్నారని ఈస్టిండియా కంపెనీ 1839లో ఫౌజును పంపింది. కోట పోరు లేకుండానే కంపెనీ వశమైంది. నవాబు పటాన్, రోహిల్లా, అరబ్బు సిపాయిలతో కర్నూలు పక్కనున్న జోహరాపురం చేరారు.

సిపాయిలకు జీతాలు బాకీ. అది తీరందే నవాబును వదిలేది లేదని పట్టుబట్టారు. ఈ మాట దాచిపెడితే అది చరిత్ర కాదు, కథ అవుతుంది. అయినా అక్టోబరు 18న కల్నల్ డైస్ దళాలు మీదపడ్డప్పుడు, కోట పోయి, జీతం రాక, గెలిచే ఆశ కూడా లేని ఆ సిపాయిలు హోరాహోరీగా పోరాడారు. చాలామంది అక్కడే ప్రాణాలు వదిలారు.

పట్టుబడిన నవాబును తిరుచిరాపల్లికి పంపారు. 1840లో అక్కడే ఆయన హత్యకు గురయ్యారు. ఆయన పేరు పుస్తకాలకెక్కింది. ఆ సిపాయిల పేర్లు మన పిల్లలకు చెప్పేవాళ్ళేరీ?

అందుకే సభ్యులందరికీ మా మనవి ఒక్కటే. ఇంట్లోని పాత ఉర్దూ, ఫార్సీ కాగితాలను చెదల పాలు చెయ్యకండి. బుజుర్గులు చెప్పే మాటలు ఇవాళే రాసిపెట్టండి. తీరిక లేదంటే కబురు చెయ్యండి, నోటుబుక్కు పట్టుకుని మీ గుమ్మానికి మేమే వస్తాం.