ఉమ్మడి జిల్లా ఇంకా ఆడుతూనే ఉంది

2016 అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు, ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్. కరీంనగర్‌దీ అదే కథ. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల అయింది, అంచున ఉన్న మండలాలు కొన్ని పక్క జిల్లాలకి పోయాయి. కలెక్టర్లు నలుగురయ్యారు, ఎస్పీ ఆఫీసులు పెరిగాయి, బండి నంబర్లు కూడా మారాయి. పాత జిల్లా ఇప్పుడు ఎక్కడుంది అంటే ముసలోళ్ళ మాటల్లో ఉంది, పేపర్లో "ఉమ్మడి" అనే మాట తర్వాత ఉంది. ఇంకోచోట కూడా ఉంది, చాలామంది గమనించరు. బడిపిల్లల ఆటల పోటీల్లో.

ఎస్జీఎఫ్ అంటే మనలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన వాళ్ళకి ఠక్కున గుర్తొస్తుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్. 2016 తర్వాత కూడా రాష్ట్రస్థాయి పోటీలకి పాత పది జిల్లాల లెక్కనే జట్లు వెళ్తూ వచ్చాయి. ముప్పై మూడు జిల్లాల నుంచి ముప్పై మూడు కబడ్డీ జట్లని పిలిస్తే వాళ్ళని ఎక్కడ పడుకోబెడతారు, ఎవరు అన్నం పెడతారు? అందుకని బెజ్జూరు పిల్లాడు, భైంసా పిల్లాడు ఇప్పటికీ ఒకే జట్టు. వాళ్ళ కలెక్టర్లు వేరు, బనియన్ మీద జిల్లా పేరు మాత్రం ఒకటే. డేటాబేస్ మైగ్రేషన్ చేశాక పాత టేబుల్ ఒకటి ఎవరూ డిలీట్ చెయ్యకుండా వదిలేస్తారు చూశారూ, ఎందుకంటే దాని మీద ఏదో ఒక రిపోర్టు నడుస్తుంటుంది. అచ్చం అలాగ.

ఇంతకీ ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలియని వాళ్ళకోసం. (కాన్వెంటుల్లో చదివిన మిత్రులు ఇది శ్రద్ధగా చదవగలరు.) అన్నిటికంటే కింద మండలం మీట్. మండలంలో ఉన్న హైస్కూళ్ళన్నీ, ప్రైవేటువి సహా, తమ జట్లని పంపొచ్చు. అండర్-14, అండర్-17. అక్కడ గెలిచినవాళ్ళూ, ఎంపికైనవాళ్ళూ పై మెట్టుకి, అక్కణ్ణుంచి ఉమ్మడి జిల్లాకి, తర్వాత రాష్ట్రానికి, ఆ తర్వాత జాతీయ పోటీలకి. అండర్-19 ఇంకో లోకం. అది జూనియర్ కాలేజీల చేతిలో ఉంటుంది, దానికి వేరే కార్యదర్శి ఉంటాడు. మన దగ్గర పదో తరగతితో బడి అయిపోయి ఇంటర్ వేరే బోర్డు కిందకి పోవడం వల్ల వచ్చిన చీలిక ఇది.

చదువరులు గమనించాల్సింది ఏంటంటే, ఒక మెట్టు నుంచి పై మెట్టుకి పోయేది గెలిచిన బడి కాదు. ఆడిన బడులన్నిట్లోంచీ ఏరిన పన్నెండు మంది. ఏరేది పీఈటీ సార్లే. అంటే ఓడిపోయిన బడిలో బాగా ఆడిన పిల్లకి కూడా దారి ఉంటుంది. ఇది ఈ వ్యవస్థలో నాకు బాగా నచ్చే విషయం. దీంట్లోనే దొంగదారి కూడా ఉందన్నది వేరే సంగతి. ఏరేవాడి మనసులో ఏముందో ఎవడికి తెలుసు!

మరి నడిపేది ఎవరు? పేరుకి డీఈవో గారు పెద్ద. కార్యదర్శి మాత్రం ఏదో ఒక బడిలో పనిచేసే పీఈటీనో పీడీనో. పొద్దున తన బడిలో విజిల్ ఊది, సాయంత్రం జిల్లా అంతటి ఎంట్రీ ఫారాలు చూసుకుంటాడు. దీనికోసం పెట్టిన ప్రత్యేక ఉద్యోగం కాదది. గేమ్స్ ఫీజు డబ్బులు ఎటూ సరిపోవు కాబట్టి సర్పంచ్‌నో, రైస్ మిల్లు యజమానినో, పూర్వ విద్యార్థులనో పట్టుకుని భోజనాలకి ఒప్పిస్తాడు. జండా ఎగరెయ్యడానికి ఎమ్మెల్యే రావాలి, ఎమ్మెల్యే వచ్చేదాకా పిల్లలు ఎండలో వరసగా నిలబడాలి. ఇది మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా మారలేదు.

ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలైంది? మన ప్రాంతం నిజాం పాలనలో ఉండేది కదా. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ జిల్లాలుగా ఒక రూపానికి వచ్చింది 1905లో. అంతకుముందు ఒకటి ఎలగందల్, ఇంకోటి దాదాపు అడవి. హైస్కూళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టాలి. వంగర పిల్లాడు పీవీ నరసింహారావు హైస్కూలు చదువు కోసం హనుమకొండ పోవాల్సి వచ్చింది. బళ్ళే లేనప్పుడు బడి ఆటలు ఎక్కడివి! అయితే ఒక మంచిపని జరిగింది. 1920లో మద్రాసులో వైఎంసీఏ వాళ్ళు, హ్యారీ క్రో బక్ అనే అమెరికాయన ఆధ్వర్యంలో, వ్యాయామ ఉపాధ్యాయుల కాలేజీ పెట్టారు. 1931లో హైదరాబాదులోనూ ప్రభుత్వం అలాంటిదే పెట్టింది. దోమలగూడలో ఉన్నది అదే. డ్రిల్లు సార్ అనే జాతి తెలంగాణ జిల్లాలకి వచ్చిన దారుల్లో అది పెద్దది. హైదరాబాద్ రహీం సాబ్, అదే సయ్యద్ అబ్దుల్ రహీం, 1962 ఏషియాడ్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుకి బంగారు పతకం తెచ్చిన కోచ్, ఆయన కూడా మొదట బడిపంతులే. డ్రిల్లు సార్ అంటే చిన్నచూపు చూసేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు.

స్వాతంత్ర్యం తర్వాత రెండు సంగతులు కలిశాయి. 1954లో జాతీయస్థాయిలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఏర్పడింది. 1959 చట్టంతో మనకి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి, జిల్లా పరిషత్ హైస్కూళ్ళు ఊళ్ళకి వచ్చాయి. మా బాపు చదివింది అలాంటి బడిలోనే. ఆ రోజుల్లో పోటీలంటే తాలూకా కేంద్రానికి పోవాలి, సద్ది కట్టుకుని పొద్దుగాల్నే బయల్దేరేటోళ్ళం అనేవాడు. 1985లో ఎన్టీఆర్ మండలాలు పెట్టాక కరీంనగర్‌లో 57, ఆదిలాబాద్‌లో 52 మండలాలయ్యాయి. మండలాల వల్ల ఏమొరిగింది అని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబుల్లో ఇదొకటి: ఆటల పోటీ నడిచిపోయేంత దూరానికి వచ్చింది. ఆడపిల్లలకి ఇది మరీ ముఖ్యం. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి చేరే పోటీకయితే పంపిస్తారు, రాత్రి ఉండాల్సిన పోటీ అంటే ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ ఊ అనేవాళ్ళు కాదు.

ఆదిలాబాద్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పాత జిల్లా విస్తీర్ణం 16 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. కాగజ్‌నగర్ ఉన్నది కాజీపేట-బల్లార్షా రైలు మార్గం మీద, ఆదిలాబాద్ ఉన్నది ముద్ఖేడ్ నుంచి వచ్చే వేరే లైను మీద. ఒకే జిల్లాలో తూర్పువాడు పడమటికి పోవాలంటే అడవిలోంచి బస్సే గతి. బెజ్జూరు నుంచి జిల్లా కేంద్రం నూటయాభై కిలోమీటర్లకి తక్కువ కాదు. అంత దూరం పోయి వంద మీటర్లు పరిగెత్తి రావాలన్నమాట! 2016 విభజనకి ఈ ఒక్క కారణం చాలు అనిపిస్తుంది నాకు. ఆటల మ్యాపు ఇంకా పాతదే అవడం వల్ల ఆ దూరం మాత్రం పూర్తిగా పోలేదు. పోటీల్ని ఒక ఏడు ఇక్కడ ఒక ఏడు అక్కడ తిప్పితే కొంత నయం.

ఇక్కడ ఇంకో సమాంతర వ్యవస్థ ఉంది. 1940లో కొమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తని గోండుల దగ్గరికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకి శిక్షణ మొదలైంది. గోండు పిల్లలకోసం గోండు పంతుళ్ళు అన్న ఆ ఆలోచన తర్వాతి గిరిజన విద్యకి పునాది. తర్వాత ఉట్నూరులో ఐటీడీఏ వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, వాటికి సొంత ఆటల పోటీలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఒక్కచోట ఉంటారు కాబట్టి పొద్దున, సాయంత్రం సాధన ఉంటుంది. వాళ్ళతో కబడ్డీ ఆడితే ఎలా ఉంటుందో నేను మోకాళ్ళ మీద అనుభవించాను కాబట్టి ఇది పుస్తక జ్ఞానం కాదు.

తూర్పున బొగ్గు గనులు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి. సింగరేణికి సొంత బళ్ళు, సొంత గ్రౌండ్లు, కార్మికుల ఆటలకోసం సొంత సంఘం. కంపెనీ ఊళ్ళో పుట్టిన పిల్లాడికి గడ్డి మీద నిలబడే భాగ్యం ఉండేది, పక్క వ్యవసాయ ఊళ్ళో పిల్లాడికి పంట కోసిన చేనే గ్రౌండు. ఒకే జిల్లాలో ఇన్ని రకాల బాల్యాలు కలిసే చోటు ఆటల పోటీ తప్ప ఇంకేముంది చెప్పండి?

1978 తర్వాతి కాలం మీకు తెలిసిందే. ఆ ఏడాది జగిత్యాల జైత్రయాత్ర, వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటన, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి. ఊళ్ళల్లో పడుచువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఇటువాళ్ళూ అనుమానించేవాళ్ళు, అటువాళ్ళూ అనుమానించేవాళ్ళు. తర్వాత తర్వాత పోలీసులే ఊళ్ళకి వాలీబాల్ కిట్లు పంచడం, టోర్నమెంట్లు పెట్టడం మొదలైంది. ఈ ప్రాంతంలో వాలీబాల్ ఇంతగా పాకడానికి అదొక కారణమని నా అభిప్రాయం. రెండు కర్రలు, ఒక వల, ఇంటి ముందు జాగా చాలు కూడా. నక్సలైట్లకి పోటీగా పోలీసులు పెట్టిన ఆట మన వాలీబాల్. ఏ దేశంలో ఆటల చరిత్రలోనైనా ఇలాంటి అధ్యాయం ఉందా?

2014లో రాష్ట్రం విడిపోవడం వల్ల ఒక లాభం మాత్రం లెక్కకి దొరుకుతుంది. అంతకుముందు జాతీయ పోటీలకి పోయే జట్టులో చోటుకోసం ఆదిలాబాద్ పిల్లాడు 23 జిల్లాలతో పోటీపడాలి. తర్వాత పదింటితో. జట్టు మాత్రం అంతే, పన్నెండు మందే.

ఆ చోటు విలువేంటో ఐటీ వాళ్ళకి చెప్పాలంటే ఫారం-4 గురించి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకానికి 1980లో ఇచ్చిన ఉత్తర్వుల్లో సర్టిఫికెట్లకి నమూనాలున్నాయి. అంతర్జాతీయ పోటీకి ఫారం-1, జాతీయ పోటీకి ఫారం-2, విశ్వవిద్యాలయాల పోటీకి ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. రాష్ట్రంలో ఉద్యోగాలకి 2 శాతం క్రీడా కోటా, దానిమీద 2012లో జీవో 74. ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం. మనకి ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. గనుల్లో, బీడీల మీద, కూలి మీద బతికే ఇంట్లో ఆ కాగితం పోలీసు కానిస్టేబులో, రైల్వే ఉద్యోగమో అవ్వొచ్చు. అందుకే వయసు దొంగ సర్టిఫికెట్లూ, సెలక్షన్ల దగ్గర గొడవలూ. కాగితానికి అంత విలువుంటే దానిచుట్టూ ఈగలు ముసరక మానవు.

పైగా అండర్-14 అనేది ఎక్స్‌పైరీ ఉన్న టోకెన్ లాంటిది. జాతీయ స్కూల్ గేమ్స్ 65వవి 2019-20లో జరిగాయి, 66వవి 2022-23లో. మధ్యలో కరోనా. 2020లో పన్నెండేళ్ళున్న పిల్ల ఆ పోటీల్లో మళ్ళీ అడుగుపెట్టేసరికి అండర్-14 దాటిపోయింది. ఆ రెండేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వరు.

అమెరికాలో ఉన్న మిత్రులు యూఐఎల్ పేరు వినే ఉంటారు, టెక్సాస్ బడుల ఆటలన్నీ చూసేది అదే. టెక్సాస్ విశ్వవిద్యాలయం నూరేళ్ళకి పైగా కిందట మొదలుపెట్టింది. అక్కడ బడిలో పిల్లల సంఖ్యని బట్టి 1ఏ నుంచి 6ఏ దాకా తరగతులు. చిన్న బడి చిన్న బడితోనే ఆడుతుంది. రెండేళ్ళకోసారి లెక్కలు తీసి మళ్ళీ సర్దుతారు. 1984 నుంచి పాస్ కాకపోతే ఆట లేదు అనే నియమం కూడా ఉంది. మన దగ్గర ఎనభై మంది ఉన్న జిల్లా పరిషత్ బడి, ఆరొందల మంది ఉన్న గురుకులం ఒకే మండలం మీట్‌లో ఎదురెదురు పడతాయి.

గురుకులాల మీద నాకేం కోపం లేదు. 1971లో సర్వేల్‌లో మొదలైన ఆ ఆలోచన లక్షల మందిని పైకి తెచ్చింది. హకీంపేటలో 1993లో పెట్టిన స్పోర్ట్స్ స్కూలు, దాని తరహాలో కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో పెట్టిన ప్రాంతీయ స్పోర్ట్స్ స్కూళ్ళు కూడా అవసరమే. నాలుగో తరగతిలోనే పరుగు, దూకుడు కొలిచి తీసుకుంటారు. కానీ నాలుగో తరగతిలో ఎవరి కంటా పడని పిల్ల, ఎనిమిదికొచ్చాక ఒక్కసారిగా పొడుగు పెరిగిన పిల్ల, ఆమెకి ఉన్న ఒకే ఒక్క తలుపు మండలం మీట్. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆటస్థలం ఉండాలని ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే వ్యాయామానికి పార్ట్‌టైం బోధకుడు ఉండాలని ఉంది. వంద మంది దాటితేనట! చిన్న ఊళ్ళో బళ్ళు ఆ గీతకి ఎక్కడున్నాయో మీ ఊరు వెళ్ళి చూడండి. పీఈటీ లేని బడి నుంచి జట్టుని తీసుకుపోవాలంటే ఏ లెక్కల సారో, తెలుగు సారో తన క్లాసు వదులుకుని ఆటోలో కూర్చోవాలి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బడికి కంప్యూటర్లు ఇద్దామనుకునే మిత్రులకి ఒక మాట. ముందు హెడ్మాస్టర్‌ని కాదు, ఆటలు చూసే సారుని అడగండి, ఈ ఏడు మండలం మీట్‌కి ఎంతమందిని తీసుకెళ్ళారు, ఆడపిల్లలు ఎంతమంది, ఆటో ఖర్చు ఎవరిచ్చారు అని. నేను అడిగిన బడిలో ఆ మూడో ప్రశ్నకి సారు నవ్వి, జేబు తట్టి చూపించాడు.