బదిలీ నుంచి బాధ్యతకు: విద్యార్థులపై గతంలో జరిగిన లైంగిక అతిక్రమణలు – విద్యాసంస్థల స్పందన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉపాధ్యాయులు, ఇతర సిబ్బంది విద్యార్థులపై జరిపిన లైంగిక అతిక్రమణలు ఏళ్ల తరువాత వెలుగులోకి వచ్చినప్పుడు విద్యాసంస్థ ఏం చేసింది, ఏం చేయవలసి ఉంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టసవరణ, 1996, 2022, 2024 నాటి సుప్రీంకోర్టు తీర్పులు, 2012 నాటి పోక్సో చట్టం, 2022లో హైదరాబాదులో జరిగిన ఒక ఉదంతం ఇందుకు ఆధారాలు. పాత నేరంపై చట్టం తలుపులు మూసేసిందన్న నమ్మకం తెలుగునాట చాలావరకు నిజం కాదనీ, తలుపులు మూసింది ఎక్కువగా సంస్థలేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాఠశాల, లైంగిక అతిక్రమణ, పోక్సో, కాలపరిమితి, రాజీ, బదిలీ, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ పల్లెల్లో ఉపాధ్యాయుణ్ణి నేటికీ 'అయివారు' అని పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవంతో పాటు ఎదురు చెప్పరాదన్న కట్టుబాటు కూడా ఉంది. కనగానపల్లి వంటి మండల కేంద్రంలోనైనా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి పట్టణాల్లోనైనా బడి పెద్ద మాటకు విలువ ఎక్కువ. అతిక్రమణకు గురైన పిల్లవాడో పిల్లో మొదట ఎదుర్కొనేది నేరస్థుణ్ణి ఒక్కణ్ణే కాదు, ఆ గౌరవాన్ని కూడా.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రకటించిన జాతీయ అధ్యయనం ఈ మౌనాన్ని మొదటిసారి అంకెల్లో చూపింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది బాలబాలికలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపునకు గురైనట్లు తేలింది. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో అత్యధికులు ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. ఆ తరం పిల్లలు నేడు పెద్దవారయ్యారు. వారిలో ఒకరు ఇప్పుడు నోరు విప్పితే బడి ఏమని బదులిస్తుంది?

2. చెప్పడానికి పట్టే కాలం

ఈ ప్రశ్నను ఇతర దేశాలు విస్తృతస్థాయిలో ఎదుర్కొన్నాయి. ఐర్లండులో చర్చి సంఘాలు నడిపిన బాలల సంస్థలపై విచారణ సంఘం 2009లో నివేదిక ఇచ్చింది. ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 వరకు పనిచేసిన రాయల్ కమిషన్ ఎనిమిది వేల మందికి పైగా బాధితులను ఏకాంతంగా కలిసి వారి మాటలు విన్నది. బాధితులు తమపై జరిగినది మరొకరికి చెప్పడానికి సగటున 23.9 ఏళ్లు పట్టిందని ఆ కమిషన్ గుర్తించింది.

ఈ సంఖ్యను బట్టి చూస్తే 'ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు' అన్న ప్రశ్నకు అర్థం మారిపోతుంది. పదేళ్ల వయసులో జరిగినదాన్ని ముప్పై అయిదేళ్ల వయసులో చెప్పడం అసహజం కాదు. అప్పటికి నిందితుడు పదవీ విరమణ చేసి ఉంటాడు, ప్రధానోపాధ్యాయులు పలువురు మారి ఉంటారు. సంస్థ మాత్రం ఉంటుంది.

3. 1991 నాటి చట్టసవరణ

పాత నేరాల విషయంలో మొదట పరిశీలించవలసింది కాలపరిమితి. 2024 వరకు అమల్లో ఉన్న నేరవిచారణ స్మృతి 468వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు శిక్ష పడే నేరాన్ని ఏడాదిలోగా, ఏడాదికి మించి మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాన్ని మూడేళ్లలోగా న్యాయస్థానం విచారణకు స్వీకరించవలసి ఉండేది. మూడేళ్లకు మించిన శిక్ష గల నేరాలకు కాలపరిమితి లేదు.

స్త్రీ గౌరవానికి భంగం కలిగించే దాడికి భారత శిక్షాస్మృతి 354వ సెక్షన్ 2013 వరకు విధించిన గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఈ సెక్షన్ ఆడపిల్లలకూ వర్తిస్తుంది. శైశవంలో ఉన్న బాలికకు సైతం ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1966లోనే పంజాబుకు చెందిన ఒక కేసులో తేల్చింది. ఈ లెక్కన దేశంలో చాలాచోట్ల 1990లలో ఉపాధ్యాయుడి చేతిలో అవమానపడిన బాలిక మూడేళ్లలో ఫిర్యాదు చేయకపోతే ఆ సెక్షన్ కింద దారి దాదాపు మూసుకుపోయేది. ఆలస్యాన్ని మన్నించే అధికారం 473వ సెక్షన్ న్యాయస్థానానికి ఇచ్చింది గాని, అది న్యాయస్థానం విచక్షణకు లోబడినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. రాష్ట్ర శాసనసభ 1991లో 354వ సెక్షన్‌ను సవరించి, శిక్షను అయిదేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు పెంచింది. కాలపరిమితి ఆ సవరణ ఉద్దేశం కాకపోయినా దాని పర్యవసానం అక్కడా కనిపిస్తుంది. శిక్ష మూడేళ్లు దాటడంతో 468వ సెక్షన్ గడువు ఈ నేరానికి వర్తించదు. మూడువైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టి ఉన్న కర్ణాటకలోని పావగడలో 1995లో జరిగిన నేరానికీ, కనగానపల్లి వైపు అదే ఏడాది జరిగిన నేరానికీ చట్టం దృష్టిలో ఇంత అంతరం ఉంది. 2024 జూలై 1న కొత్త శిక్షాస్మృతి అమల్లోకి వచ్చినా, అంతకుముందు జరిగిన నేరాలకు ఆనాటి చట్టమే వర్తిస్తుంది.

ఈ రక్షణ మగపిల్లలకు దక్కలేదు. 377వ సెక్షన్ పరిధిలోకి రాని చేష్టలకు వారి విషయంలో మిగిలింది మూడు నెలల శిక్ష గల సాధారణ దాడి సెక్షనే. దాని గడువు ఒక్క ఏడాది. 2012కు ముందు బాలురపై జరిగిన అతిక్రమణల్లో గణనీయమైన భాగానికి చట్టపరమైన పేరు కూడా లేదు. బాలికను, బాలుణ్ణి సమానంగా చూసిన మొదటి కేంద్ర చట్టం పోక్సోయే.

4. శాఖాపరమైన చర్య: బదిలీ అనే అలవాటు

ప్రభుత్వ ఉపాధ్యాయులపై క్రమశిక్షణ చర్యలను ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల నియమావళి, 1991 నిర్దేశిస్తుంది. మందలింపు మొదలుకొని ఉద్యోగం నుంచి తొలగింపు, బర్తరఫు వరకు శిక్షలు అందులో ఉన్నాయి. బదిలీ ఆ జాబితాలో లేదు. అయినా ఊరి పెద్దలు కోరేదీ, అధికారులకు సులువైనదీ తరచుగా అదే. బదిలీ వల్ల ఊరి కోపం చల్లారుతుంది. బదిలీపై వెళ్లిన వ్యక్తి సర్వీసు రిజిస్టరులో కొత్త బడి పేరు చేరుతుంది తప్ప కారణం చేరదు. కొత్త బడి పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఏమీ తెలియదు.

దీనికి భిన్నమైన దారిని నవోదయ విద్యాలయ సమితి చూపింది. విద్యార్థినుల పట్ల అనైతిక ప్రవర్తన రుజువైనట్లు ప్రాథమిక విచారణలో తేలితే, బాలికను ఎదురుప్రశ్నలకు గురిచేసే పూర్తిస్థాయి విచారణ లేకుండానే ఉపాధ్యాయుణ్ణి తొలగించే అధికారాన్ని 1993 డిసెంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఆరో తరగతి బాలికకు సంబంధించిన కేసులో ఈ విధానాన్ని సుప్రీంకోర్టు 1996 సెప్టెంబరు 30న సమర్థించింది. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి ఉన్నారు. దేశంలోని అన్ని నవోదయ విద్యాలయాలకూ వర్తించే ఈ నియమం హిందూపురం సమీపంలోని లేపాక్షి నవోదయకూ వర్తిస్తుంది. నిందితుడి వాదన వినే అవకాశం కుదించుకుపోతుందన్న ఆక్షేపణ ఈ విధానంపై ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. ప్రాథమిక విచారణ నిజాయతీగా, లిఖితపూర్వకంగా సాగినప్పుడే ఈ అధికారం న్యాయమవుతుంది.

పదవీ విరమణ తరువాత శాఖ చేతులు దాదాపు కట్టుబడిపోతాయి. 1980 నాటి పింఛను నియమావళి 9వ నియమం ప్రకారం, నాలుగేళ్లకు ముందు జరిగిన సంఘటనపై విశ్రాంత ఉద్యోగి మీద కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టడానికి వీలు లేదు. ఈ నియమాన్ని చూపి 'ఇక చేయగలిగింది ఏమీ లేదు' అనడం పొరపాటు. శాఖ అధికారం ముగిసినచోట కూడా శిక్షాస్మృతి నిలిచే ఉంటుంది.

5. పోక్సో: మౌనమే నేరమైన కాలం

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం మూడు మార్పులు తెచ్చింది. విద్యాసంస్థ యాజమాన్యం గాని సిబ్బంది గాని చేసిన అతిక్రమణను తీవ్రతరమైన నేరంగా పరిగణించింది. నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలపాలని 19వ సెక్షన్ ఆదేశించింది. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలపని సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా అని 21వ సెక్షన్ చెప్పింది. ప్రధానోపాధ్యాయుడు ఇకపై మధ్యవర్తి కాదు. చట్టం ముందు జవాబుదారీ.

ఈ విధి ఎంత బలమైనదో మహారాష్ట్రలోని రాజురా కేసు చూపింది. 1956కు ముందు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన ఆ ప్రాంతంలో ఒక పాఠశాల వసతిగృహపు గిరిజన బాలికలపై అతిక్రమణలు జరిగాయి. వారికి వైద్యం చేసిన వైద్యుడు ఆ విషయం తెలపలేదన్న అభియోగాన్ని హైకోర్టు కొట్టివేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, తెలిసీ తెలపకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టం చేసింది.

మౌనం తరువాతి మెట్టు రాజీ. 2022 జనవరిలో రాజస్థాన్‌లోని గంగాపూర్ సిటీలో ఒక విద్యార్థినిని ఉపాధ్యాయుడు వేధించాడన్న కేసులో కుటుంబంతో రాజీ కుదిరింది. దాని ఆధారంగా ఫిబ్రవరి 4న హైకోర్టు కేసు కొట్టివేసింది. కేసుతో నేరుగా సంబంధం లేని ఇద్దరు స్థానికులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పాఠశాలలో జరిగే ఇటువంటి నేరం ఇద్దరి మధ్య వ్యక్తిగత తగాదా కాదనీ, రాజీతో ముగిసేది కాదనీ 2024 నవంబరు 7న తీర్పు వచ్చింది. రచ్చబండ మీద తేల్చుకుందామనే పెద్దమనుషులకు ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది.

6. హైదరాబాదు ఉదంతం: బడి మూతపడితే

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని బీఎస్‌డీ డీఏవీ పాఠశాలలో నాలుగేళ్ల చిన్నారిపై ప్రిన్సిపాల్ డ్రైవరు లైంగిక దాడి జరిపిన విషయం బయటపడింది. డ్రైవరు, ప్రిన్సిపాల్ అరెస్టయ్యారు. ప్రభుత్వం బడి గుర్తింపును రద్దు చేసింది. దానిని వ్యతిరేకించినవారు ఆ బడిలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులే. నేరం చేయని పిల్లలు బడి ఎందుకు కోల్పోవాలని వారు అడిగారు. విద్యాసంవత్సరం ముగిసే వరకు తాత్కాలిక గుర్తింపుతో బడి తిరిగి తెరుచుకుంది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం డ్రైవరుకు ఇరవై ఏళ్ల జైలుశిక్ష వేసి, ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

చట్టం ఆరు నెలల్లో తన పని పూర్తి చేసింది. అయితే గుర్తింపు రద్దు, బదిలీ ఒక్క విషయంలో సమానం. రెండూ సమస్యను కంటికి దూరం చేస్తాయి. ఆ తల్లిదండ్రులు కోరింది బడి ఉండాలని, భద్రంగా ఉండాలని. సంస్థ తనను తాను పరిశీలించుకుని, ముందు ఇంకెవరికైనా ఇలా జరిగిందా అని అడిగి తెలుసుకున్నప్పుడే ఆ కోరిక నెరవేరుతుంది.

7. పాత ఫిర్యాదు వచ్చినప్పుడు

పై పరిశీలన నుంచి కొన్ని కర్తవ్యాలు తేలుతున్నాయి. పూర్వ విద్యార్థి మాటను తేదీతో సహా లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. 2012 నవంబరు 14 తరువాత జరిగినదైతే పోలీసులకు తెలపడం తప్పనిసరి. అంతకుముందు జరిగినదైతే నివేదన విధి పోక్సో కింద లేకపోయినా, బాధితులు ఫిర్యాదు చేయదలిస్తే సంస్థ తోడు నిలవాలి. ఆనాటి హాజరు పట్టీలు, వసతిగృహ రిజిస్టర్లు, సిబ్బంది వివరాలు భద్రపరచాలి. నిందితుడు మరో బడిలో ఇంకా పిల్లల మధ్య ఉంటే విద్యాశాఖకు వెంటనే రాయాలి. బాధితుల వివరాలు గోప్యంగా ఉంచాలన్న నిబంధన పిల్లల రక్షణకు పుట్టినది. సంస్థ పరువు కాపాడుకోవడానికి దాన్ని అడ్డుపెట్టుకోరాదు.

8. ముగింపు

1991లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, 1996లో, 2022లో, 2024లో సుప్రీంకోర్టు, 2012లో పార్లమెంటు తెరిచిన దారులు ఉన్నాయి. బాలుర విషయంలో, విశ్రాంత ఉద్యోగుల విషయంలో లోటు మిగిలి ఉంది. ఈ దారుల్లో ఏది పట్టాలన్నా మొదట కావలసింది ఒక కాగితం: ఫలానా రోజున ఫలానా విద్యార్థి వచ్చి ఈ మాట చెప్పాడని బడి తన చేతితో రాసుకున్న నమోదు. బదిలీ ఉత్తర్వుల ప్రతులు కార్యాలయాల్లో దొరుకుతాయి. వాటికి కారణమైన పిల్లల మాటలు దొరకవు. తెలుగునాట పాఠశాలల చరిత్ర రాయబూనే పరిశోధకులకు ఆ ఖాళీయే ముఖ్యమైన ఆధారం. దాన్ని ఇకనైనా నింపవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయుడి బల్ల దగ్గర మొదలవుతుంది.