బడికీ పనిచోటుకీ మధ్య దారి

మన దేశంలో పిల్లలను పని నేర్చుకోవడానికి యజమాని దగ్గర కుదిర్చే అప్రెంటిస్ చట్టం 1850లోనే వచ్చింది. అందులో బడి ఊసు లేదు. ధర్మ పోషణలో పెరిగే అనాథలు, పేద పిల్లలు ఏదో ఒక వృత్తి పట్టుకోవాలన్నదే దాని ఉద్దేశం. చదువు కొందరికి, పని మరికొందరికి అన్న గీత ఆ చట్టంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ గీతను చెరపడానికి గట్టిగా పూనుకున్నది గాంధీజీ. 1937 అక్టోబరులో వార్ధా విద్యా సదస్సు, ఆ వెంటనే జాకిర్ హుసేన్ కమిటీ చేతిపనిని చదువుకు నడుమ నిలిపాయి. రాట్నం తిప్పుతూనే లెక్కలు నేర్వాలన్నారు. గొప్ప ఆలోచనే. కానీ పని బడిలోకి వచ్చిందే తప్ప, ఊళ్లో ఆ పనిమీద బతికే మనిషికి గురువు స్థానం దక్కలేదు.

1961 అప్రెంటిస్ చట్టం పరిశ్రమల యజమానులపై శిక్షణ బాధ్యత పెట్టింది. అది ఐటీఐలకు పనికొచ్చింది, బడికి కాదు. 1964-66 నాటి కొఠారి కమిషన్ మాత్రం పొలంలో, వర్క్‌షాపులో, కర్మాగారంలో పని అనుభవం చదువులో భాగం కావాలంది. చాలా బడుల్లో అది టైంటేబుల్లో ఒక పీరియడ్‌గా మిగిలిపోయింది.

అసలు మలుపు 1986. ఇంటర్ స్థాయిలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం మంది ఒకేషనల్ కోర్సుల్లో ఉండాలని జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడు 1961 అప్రెంటిస్ చట్టాన్ని సవరించి ఆ విద్యార్థులకూ అప్రెంటిస్‌షిప్ తలుపు తెరిచారు. లక్ష్యం నెరవేరలేదు. నా దృష్టిలో లోపం చట్టంలో లేదు. కాలేజీ నుంచి వెళ్లి వర్క్‌షాపు యజమానితో కూర్చుని మాట్లాడటం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాలేదు. ఏం నేర్పాలో ఆయన్ని అడిగినవారూ అరుదే.

19-24 ఏళ్ల కార్మికుల్లో పద్ధతి ప్రకారం వృత్తివిద్య పొందినవారు 5 శాతం లోపేనని 2020 విద్యా విధానమే ఒప్పుకుంది. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర గడపాలనీ చెప్పింది. పిల్లలతో పని చేయించుకోవడానికి కాదు, చూసి, చేసి, నేర్చుకోవడానికి.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఆ పది రోజులను బడి ఆవరణలోనే గడిపేయకండి. మీ వీధి చివర మెకానిక్ షెడ్డుకు, దర్జీ దుకాణానికి ముందు మీరే వెళ్లండి. ఏ వేళకు పిల్లలను పంపమంటారో ఆ మేస్త్రీనే అడగండి.